పదకొండున్నర కాకి

సీతాపతి కాకికి చదువు చెబుతున్న సంగతి ముదలియార్‌పేటలో అందరికంటే ముందు కనిపెట్టింది పక్కింటి మరగతం. గోడకు అవతల బట్టలు ఆరేస్తూ ఆమె వరసగా మూడు రోజులు అదే దృశ్యం చూసింది. అరవైకి దగ్గరపడిన మనిషి, ఒక చేతిలో స్టీలు గ్లాసు, ఇంకో చేతిలో చెంచా, గోడ మీద గారె ముక్క. కళ్ళు మాత్రం మునగచెట్టు మీద. నాలుగో రోజు ఆమె ఇక ఆగలేకపోయింది.

"ఏం అన్నా, కాకికి ఇస్కూలు పెట్టినారా? ఫీజు ఎంత?"

"ఫీజు నేనే కడతాండానమ్మా. దినానికి ఒక గారె."

"అట్లయితే మా ఇంటాయన్ని గూడా చేర్పించేస్తా," అని నవ్వుకుంటూ ఆమె లోపలికి పోయింది.

సీతాపతి నవ్వలేదు. నవ్వు రాక కాదు, నవ్వితే కాకి ఎగిరిపోతుందని. ఆయనకు చేతిలో ఉన్నది మూడు నెలలు. ఆలోపల ఈ కాకి పిలిస్తే రావాలి. వచ్చి తీరాలి.

కారణం కిందటి సంవత్సరం జరిగింది. ఆయన భార్య గిరిజ పోయిన పదో రోజున పెరటి గోడ మీద అరిటాకు పరిచి ఆమెకు ఇష్టమైనవన్నీ వడ్డించారు. కాకి వచ్చి ముట్టాకే ఇంట్లో వాళ్ళు తినాలి. పన్నెండయింది. ఒంటిగంటయింది. ఊరిలోని కాకులన్నీ ఆ రోజు సెలవు పెట్టినట్టు ఒక్కటీ రాలేదు. మగవాళ్ళు కా కా అని పిలిచి గొంతులు బొంగురుపోయేలా చేసుకున్నారు. పిల్లలు ఆకలికి ఏడ్చారు. రెండున్నరకు ఆకు ఎత్తి ఆవుకు పెట్టి, అందరూ చల్లారిన అన్నం తిన్నారు.

అప్పుడు గిరిజ అక్క తాయారమ్మ అన్నది: "దాని మనసులో ఏందో ఉండిపోయింది. ఆశపడింది, నోరు తెరిచి అడగలే. అందుకే కాకి దిగలే."

ఆమె ఆ మాట సీతాపతి వైపు చూడకుండా అన్నది. అందుచేత మిగిలినవాళ్ళందరూ ఆయన వైపు చూశారు.

తాయారమ్మ విల్లియనూరులో ఉంటుంది. కానీ ఆమె మాట విల్లియనూరులో ఉండే రకం కాదు. ఆ ఏడంతా ఏ పెళ్ళికి పోయినా, ఏ చెవులు కుట్టే వేడుకకు పోయినా, సీతాపతి కంటే ముందే ఆ కాకి కథ అక్కడికి చేరి కూర్చుని ఉండేది. "పావం, ఏం ఆశపడిందో," అని ఎవరో ఒకరు అనేవాళ్ళు. చీరా? నగా? తిరుపతి ప్రయాణమా? ఆయన కూడా ఆలోచించాడు. గిరిజ ఏదీ అడిగిన గుర్తు లేదు. అదే ఆయన్ను నిద్రపోనివ్వలేదు. ఇప్పుడు సంవత్సరీకం రాబోతోంది. ఈసారి కూడా కాకి ముట్టకపోతే ఆ మాట ఇక చెరగదు. ఊరి నోట్లోనుంచీ పోదు, ఆయన లోపలినుంచీ పోదు.

కాకికి నేర్పవచ్చన్న ఆలోచన ఆయనకు గాలిలోంచి రాలేదు. ఫ్రెంచివాళ్ళ కాలపు వైట్ టౌన్‌లో ఒక కాలేజీలో ముప్పై ఏళ్ళు లాబ్ అటెండరుగా చేసి రిటైరయ్యాడు. చివరి ఆరేళ్ళూ ఆయన పని తెల్ల ఎలుకలతో. మనస్తత్వశాస్త్రం చెప్పే లోకనాథన్ సారు వడ్రంగి చేత ఒక పెట్టె చేయించారు. అందులో చిన్న మీట. ఎలుక మీట నొక్కితే వేరుశనగ పలుకు పడుతుంది. పడేసేది సీతాపతి.

మొదటి ఎలుకకు నొక్కినప్పుడల్లా పలుకు. రెండోదానికి ఎప్పుడో ఒకసారి. ఒకోసారి మూడో నొక్కుకు, ఒకోసారి ఇరవయ్యో నొక్కుకు. ఎప్పుడో దానికి తెలియదు. సారు రాసిచ్చిన చీటీ ప్రకారం సీతాపతి వేసేవాడు. కొన్నాళ్ళకు రెండింటికీ పలుకులు ఆపేశారు. మొదటిది ముప్పైసార్లు నొక్కి చూసి, ఇక రాదని తెలుసుకుని, ఒక మూల ముడుచుకుని పడుకుంది. రెండోది నొక్కుతూనే ఉంది. సీతాపతి భోంచేసి వచ్చాడు. ఇంకా నొక్కుతూనే ఉంది. చూడలేక, సారు అటు తిరిగినప్పుడు ఒక పలుకు పడేశాడు.

"చెడగొట్టావు కదయ్యా," అన్నారు సారు వెనక్కి తిరక్కుండానే. "ఇక సాయంత్రం దాకా ఆగదు."

ఆగలేదు.

అదే సారు ఒకసారి తానే బోల్తాపడ్డారు. బల్బు వెలిగితే ఎలుక మీట దగ్గరకు రావాలని ఆరువారాలు నేర్పారు. వస్తోంది కూడా. ఒకరోజు సారుకు జలుబు చేసి, బల్బు వేసే పని సీతాపతికి అప్పగించారు. బల్బు వెలిగింది, ఎలుక కదలలేదు. సారు మూలన కూర్చుని ఖళ్ళున దగ్గారు. ఎలుక పరుగెత్తుకొచ్చింది. రోజూ బల్బు వేసేముందు గొంతు సవరించుకోవడం ఆయనకు అలవాటు. పాపం ఆయనకే తెలియదు. "మనం ఏం నేర్పామని అనుకుంటామో అది వేరు, అది ఏం నేర్చుకుందో అది వేరు," అని ఆరువారాల కాగితాలూ చించేశారు.

ఈ ఎలుకల చదువుతోనే సీతాపతికి పదో రోజు కాకి ఎందుకు రాలేదో ఒక ఉదయం అర్థమైంది. గిరిజ పద్నాలుగేళ్ళు, ఒక్క రోజు తప్పకుండా, పదకొండున్నరకు ఆ గోడ మీద అన్నం ముద్ద పెట్టింది. జ్వరమొచ్చినా పెట్టింది. తరవాత ఆసుపత్రిలో ఇరవై రెండు రోజులు, పోయాక పది రోజులు, గోడ మీద ఏమీ లేదు. రోజూ తిన్న కాకి కొన్నాళ్ళు చూసి, ఇక లేదని తెలుసుకుని, వేరే ఇల్లు వెతుక్కుంది. అంతే.

ఈ సంగతి ఒక పెళ్ళిలో తాయారమ్మకు చెప్పబోయాడు. మొదటి ఎలుక దాకా వచ్చాడు.

"యాడిదప్పా ఈ కత?" అన్నదామె పందిరంతా వినపడేలా. "నా చెల్లెలు పోయిందని నేనంటే, ఎలక పండుకునిందంటావేంది నువ్వు?"

ఆయన మళ్ళీ ఆ ప్రయత్నం చేయలేదు. చెప్పి నమ్మించడం తనవల్ల కాదు. కాకి దిగితే చాలు.

మునగచెట్టు మీదికి కొత్తగా వస్తున్న ఒక కాకిని ఎంచుకున్నాడు. దాని ఎడమ రెక్కలో ఒక ఈక విరిగి కిందికి వేలాడుతూ ఉంటుంది, గుర్తుపట్టడం తేలిక. పదకొండున్నరకు గ్లాసు మీద చెంచాతో మూడు దెబ్బలు, వెంటనే గారె. మొదటి వారం, ఆయన లోపలికి పోయి తలుపు వేసుకుంటే గాని అది దిగలేదు. రెండో వారం గుమ్మంలో నిలబడనిచ్చింది. కాకి దిగేదాకా కదలకూడదు, చేయడానికి ఏమీ ఉండదు. ఊరికే నిలబడాలి.

ఆ రెండో వారంలోనే ఒక గురువారం కూతురు అలివేలుమంగ అన్నం వడ్డించింది. ఆ పిల్ల టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో మధ్యాహ్నం డ్యూటీ చేస్తుంది, ఉదయం వంట ఆమెదే. కంచంలో అలసందల పులుసు చూసి సీతాపతి అడిగాడు.

"గురువారమయితే చాలు ఇదే చేస్తావెందుకమ్మా?"

"అమ్మ చేస్తాండింది గదా నాయనా."

"ఆమె ఎందుకు చేస్తాండింది?"

అలివేలు గరిటె కింద పెట్టి తండ్రిని వింతగా చూసింది. "నీకు తెలీదా? నేను ఆరో క్లాసప్పుడు ఒక గురువారం కారియర్ తెచ్చి పెట్టి, పులుసు బాగుండింది అన్నావంట. అమ్మ ఆ రోజంతా ఎట్లుండిందని? దినమూ తలకు పూలు పెట్టుకునేది కాదు, ఆ పొద్దు పెట్టుకునింది. దాంట్నుంచి గురువారం గురువారం అదే."

"నేను మళ్ళీ ఎప్పుడన్నా అన్నానా?"

"అన్నావు. రెండేండ్ల తరవాత ఒకసారి. ఆపైన నేను ఎస్సెల్సీ రాసిన ఏడు ఒకసారి." ఆమె మజ్జిగ గిన్నె దగ్గరికి జరిపింది. "మిగతా గురువారాలు నువ్వు కారియర్ ఇచ్చి పేపర్ తీసుకుంటావు. అమ్మ గిన్నె విప్పి చూస్తుంది, అడుగంటా తిన్నావా లేదా అని. కొంచెంసేపు వాకిట్లో నిలబడుకోనుంటుంది. ఆపైన లోపలికి పోతుంది."

సీతాపతి లేచి చేయి కడుక్కోవడానికి పెరట్లోకి పోయాడు. లాబులో భోజనానికి పోయి వచ్చినా ఇంకా నొక్కుతూనే ఉన్న ఆ రెండో ఎలుక కళ్ళముందు మెదిలింది. చాలాసేపు చేయి కడుక్కున్నాడు.

మరునాడు పదకొండున్నరకు గోడ దగ్గర నిలబడి ఉండగా, కాకి ఇంకా కొమ్మ మీదే ఉండగా, ఆయన నోట్లోంచి ఒక మాట వచ్చింది. ఎవరూ లేరు కదా అని గట్టిగానే వచ్చింది.

"పులుసు బాగుండింది, గిరిజా."

అన్నాక గ్లాసు కొట్టాడు. గారె పెట్టాడు. ఆ తరవాతి రోజూ అన్నాడు. శనివారం తిన్నది చారే అయినా పులుసనే అన్నాడు. కొన్నాళ్ళకు అది గుమ్మం దాటేటప్పుడు చెప్పులు వేసుకోవడం లాంటిదయింది. వేసుకున్నట్టు తెలియదు.

నెల తిరిగేసరికి కాకి గంట కొట్టినట్టు వచ్చేది. ఇక అసలు పాఠం మొదలుపెట్టాడు. సంవత్సరీకం రోజు జనం ఉంటారు, ఆలస్యమవుతుంది. రోజూ తప్పక తినే కాకి రెండు నిమిషాలు చూసి వెళ్ళిపోతుంది. కాబట్టి గ్లాసు రోజూ కొట్టినా, గారె ఒకరోజు పెట్టి రెండు రోజులు పెట్టలేదు. మళ్ళీ వరసగా రెండు రోజులు పెట్టి నాలుగు రోజులు ఆపాడు. ఏ రోజు ఏమిటో ఒక పాత కాలెండరు వెనక ముందే రాసి పెట్టుకున్నాడు, సారు చీటీలాగే. ఏమీ లేని రోజున కూడా కాకి వచ్చి వాలేది. గోడంతా అటూ ఇటూ నడిచి, పక్కన పెట్టిన గ్లాసులోకి తొంగిచూసి, ఆయన్ను నోరారా తిట్టి పోయేది. మరునాడు మళ్ళీ వచ్చేది.

"అన్నా, మీ స్టూడెంటు మిమ్మల్ని ఏమేమో అంటా ఉంది," అనేది మరగతం.

"అననీలేమ్మా. న్యాయమే."

సంవత్సరీకం రానే వచ్చింది. తాయారమ్మ ముందురోజే దిగి వంటిల్లు స్వాధీనం చేసుకుంది. పొద్దున్నించీ ఇంటినిండా ఇరవైమంది జనం, గిన్నెల చప్పుడు, గరిటెల మోత. పదకొండుంబావుకు గోడ మీద ఆకు పరిచారు. అన్నం, గారెలు, పాయసం, రెండు కూరలు, పక్కన అలసందల పులుసు. అందరూ పెరట్లోకి వచ్చి నిలబడ్డారు. గోడకు అవతల మరగతం కూడా పీట మీదెక్కి తల పైకి పెట్టింది.

కాకి కొమ్మ మీదే ఉంది. విరిగిన ఈక కనిపిస్తూనే ఉంది. సీతాపతి ధైర్యంగా గ్లాసు తీసి చెంచాతో మూడు దెబ్బలు కొట్టాడు.

కాకి కదలలేదు.

మళ్ళీ కొట్టాడు. వంటింట్లో ఎవరో బాణలి కింద పడేశారు. పొద్దున్నించీ ఆ ఇంట్లో అన్నీ మోగుతూనే ఉన్నాయి, అందులో ఈ గ్లాసొకటి. కాకి మెడ తిప్పి రెక్క కింద ముక్కుతో గోక్కుంది. పన్నెండుంబావయింది. ఒక పిల్లవాడు ఏడుపు అందుకున్నాడు. ఎవరో "కా, కా" అన్నారు. తాయారమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. ఆమె నోరు తెరవబోతున్నదని సీతాపతికి వెన్నులో తెలిసింది.

అలివేలు జనంలోంచి వచ్చి ఆయన పక్కన నిలబడింది.

"నాయనా, గ్లాసు కాదు."

"ఏంది?"

"గ్లాసు కొట్టేదానికి ముందర అంటావే. అది చెప్పు."

ఒక్క క్షణం ఆయనకు లోకనాథన్ సారు దగ్గు వినిపించింది.

"నీకు వినపడతాండిందా?"

"మరగతం అత్తకే వినపడతాండింది. మూడు నెలలుగా చూస్తాండా నేను, నువ్వు నోరు తెరవంగానే అది రెక్క విప్పుతాది. గ్లాసు ఉత్తదే."

"ఇంతమందిలోనా అమ్మా?"

అలివేలు గ్లాసు కోసం చేయి చాచింది. సీతాపతి ఆకు వైపు చూశాడు. పులుసు మీద ఎండ పడుతోంది. తాయారమ్మ అప్పటికే, "నేను ఆ పొద్దే చెప్పినా," అని మొదలుపెట్టేసింది. ఆయన గొంతులోనే ఏదో గొణిగాడు.

"ఏమంటాండాడు?" అన్నదామె.

కాకి తల ఒక పక్కకు వంచింది. సరిగ్గా వినపడని పిల్లాడు వంచినట్టు.

సీతాపతి గ్లాసు, చెంచా కూతురి చేతికిచ్చాడు. ఖాళీ చేతులు ఏం చేయాలో తెలియక పంచెకు తుడుచుకున్నాడు. రోజూ అనేంత గట్టిగా అన్నాడు.

"పులుసు బాగుండింది, గిరిజా."

కాకి దిగింది. ఇరవైమందిని లెక్కచేయకుండా గోడ మీద వాలి, రెండు గెంతులు వేసి, పులుసన్నంలో ముక్కు పెట్టింది. ఒకసారి తల ఎత్తి ఆయన్ను చూసి మళ్ళీ పెట్టింది. ఏడుస్తున్న పిల్లవాడు కూడా ఆపి చూస్తున్నాడు.

అది ఎందుకు దిగిందో అక్కడున్న వాళ్ళలో సీతాపతికి, అలివేలుకు మాత్రమే సరిగ్గా తెలుసు. తెలిసినా ఆయన కళ్ళు ఎటూ నిలవలేదు. మునగచెట్టు ఆకులు లెక్కపెడుతున్నట్టు పైకి చూస్తూ ఉండిపోయాడు.

తాయారమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. పొయ్యి దగ్గర చెమట తుడుచుకున్నట్టే తుడుచుకుంది. కొంచెం ఎక్కువసేపు పట్టింది.

"ఇంకేం చూస్తారు? ఆకులెయ్యండి. పిల్లోళ్ళు ఆకలిగొని ఉండారు," అన్నది. సీతాపతి పక్కనుంచి పోతూ ఒక్క అడుగు ఆగింది. "గట్టిగా చెప్పే నోరు నీకు గూడా ఉండాది గదప్పా."

"ఉండాది వదినా," అన్నాడు సీతాపతి.

పంక్తిలో ఆమె తనే ఆయనకు పులుసు వడ్డించి, గరిటె పట్టుకుని ఎదురుగా నిలబడింది. ఆయన ఒక ముద్ద తిని, తల ఎత్తి, బాగుందన్నాడు. "తెలుసులే," అని ఆమె ఇంకో గరిటె వేసి ముందుకు పోయింది. సాయంత్రం విల్లియనూరు బస్సెక్కేదాకా ఆమె మళ్ళీ ఆ ఆశ మాట ఎత్తలేదు.

మరునాడు పదకొండున్నరకు సీతాపతి గోడ మీద అన్నం ముద్ద పెట్టాడు. కాలెండరు ప్రకారం ఆ రోజు పెట్టకూడదు. దాన్ని ఉదయమే తీసి పాత పేపర్లలో వేశాడు. కాకి తింటుంటే గుమ్మంలో కూర్చున్నాడు. అలివేలు రెండు లోటాల్లో కాఫీ తెచ్చి పక్కన కూర్చుంది. ఎక్స్ఛేంజికి పోవడానికి ఇంకా టైముంది.

"ఇంక దినమూ పెడతావా?"

"దినమూ పెడతా."

"దినమూ పెడితే, నువ్వు ఆపిన పొద్దు తొందరగా మరిచిపోతాదని నువ్వే చెప్తివి గదా నాయనా?"

"మరిచిపోనీ. నేను లేకపోతే అది ఈ గోడ మీద కాచుకోనుండకూడదు." కాఫీ ఒక గుక్క తాగి, లోటా కింద పెట్టి అన్నాడు. "కాఫీ బాగుండాది."

"నిన్న గూడా అంటివి."

"రేపు గూడా అంటా," అన్నాడు సీతాపతి.